బదులు బుట్ట

నా కొడుకు నికో తల నా తొడ మీద ఉంది, కాలు తిమ్మిరెక్కి చాలాసేపైంది, అయినా కదపను, కదిపితే లేస్తాడు, లేస్తే మళ్ళీ ద్రాక్షరసం కావాలంటాడు. పొద్దుట్నుంచి వెళ్ళిన ప్రతిచోటా తాగుతూనే ఉన్నాడు, చొక్కా నిండా ఊదారంగు మరకలు, పెదాల చుట్టూ ఎండిపోయిన రసం, దాని మీద వాలబోయిన కందిరీగని చేత్తో తోలాను. మేమున్న బల్ల పైన ద్రాక్షపందిరి, ఆకుల సందుల్లోంచి ఎండ వాడి మోకాళ్ళ మీద పడుతోంది. నేలమాళిగ తలుపు తెరిచే ఉంది, అందులోంచి చల్లటి పులిసిన వాసనతో పాటు వైన్ చేసే ఈ బొదేగా యజమాని గొంతు కూడా వస్తోంది, పెద్ద పీపాని వాళ్ళ తాత ఎలా ఎద్దుబండి మీద తెచ్చాడో చెబుతున్నాడు, ఏటేటా చెబుతాడు, డోన్యా సెనోబియా ఏటేటా కొత్తగా విన్నట్టు అవునా అవునా అంటుంది. ఆవిడ నా అత్తగారు. మాజీ అత్తగారు అనాలి, కానీ ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం తరీహా ఊళ్ళో ఎవరికీ లేదు. విడాకులైన వారానికే మా ఇంటికొచ్చి, "ఒక్తావియో నిన్ను వదిలాడేమో, నేను వదల్లేదు, ఆదివారం సూపు వండుతున్నా, పిల్లల్ని తీసుకుని రా" అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. కార్నివాల్ దగ్గర పడుతుండగా ఒక ఆదివారం మినీబస్సు మాట్లాడి కుటుంబాన్నంతా ఈ కన్సెప్సియోన్ లోయకి తీసుకురావడం ఆవిడకి ఎప్పట్నుంచో అలవాటు, బొదేగా తర్వాత బొదేగా తిరగడం, మధ్యలో వేయించిన ఏటి పీతలు తినడం. కుటుంబం అంటే అందులో నేనూ ఉంటాను, ఒక్తావియో ఉంటాడు, ఇప్పుడు ఒక్తావియోతో ఉంటున్న యోవానా కూడా ఉంటుంది. బస్సులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఆవిడే చెబుతుంది, నన్ను కిటికీ పక్కన కూర్చోబెడుతుంది.

అందరూ మాళిగలోకి దిగారు, నేను నికో వంకతో బయటే ఉండిపోయాను. వంక కాదు, నిజంగానే నిద్రపోయాడు. మొదటి బొదేగాలో పిల్లల్ని ద్రాక్ష తొట్టిలోకి దింపి తొక్కమన్నారు కదా, అక్కడే అలిసిపోయాడు. నా కూతురు లుస్మిలా మొదట దిగనంది, పదేళ్ళు నిండాక అదీ పెద్దమనిషిలా చేతులు కట్టుకుని నిలబడుతోంది, కాసేపు చూసి, ఎవరూ తనవైపు చూడటం లేదనుకున్నాక లంగా ఎత్తిపట్టుకుని గభాల్న దూకింది, గింజలు కాలివేళ్ళ మధ్య చితుకుతుంటే కిచకిచ నవ్వింది, చాలా రోజులైంది అది అలా నవ్వి. నికో పాంటు మడవడానికి నేను వంగేలోపే యోవానా మడిచేసింది. అంత చిన్న పని, ఎవరు చేస్తే ఏం, కానీ వంగిన నడుంతో నేను అలాగే ఉండిపోయి, నా చెప్పు సవరించుకున్నట్టు నటించాను. తర్వాత గ్లాసులు వచ్చాయి. తాగేముందు భూమితల్లికి ఒక బొట్టు విదిలించాలి, మేమందరం వేలితో అలా అని తాగేస్తాం, యోవానా మాత్రం తీగ మొదట్లోకి వెళ్ళి, వంగి, గ్లాసు మొత్తం పోసేసింది. రెండో బొదేగాలోనూ అంతే. డోన్యా సెనోబియా మురిసిపోయింది. "చూసి నేర్చుకోండర్రా, మనం బొట్టు విదిలించి ఆ తల్లిని సరిపెట్టేస్తున్నాం, ఎగువ పిల్ల గ్లాసుకి గ్లాసు పోస్తోంది" అంది. ఇలాగైతే సాయంత్రానికి భూమితల్లి తూలుతుందని ఒక్తావియో అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అతని హాస్యానికి నవ్వడం ఇంకా మానలేకపోతున్నాను. యోవానాది ఒరూరో, ఎగువన గాలి పలచగా ఉండే గనుల ఊరు, అక్కడ వాళ్ళకి ఈ భూమి పూజలు ఎక్కువ, అందుకే అలా చేస్తోందనుకున్నాను. ఆమె గురించి ఏం అర్థం కాకపోయినా ఎగువ మనిషిలే అని సరిపెట్టుకోవడం నాకు అలవాటైపోయింది.

బుట్ట విషయంలోనూ అంతే చేశాను. పోయిన ఏడు కార్నివాల్ ముందు గురువారం, కోమాద్రెల రోజు, లుస్మిలా వాళ్ళ నాన్న ఇంటి నుంచి తనకంటే వెడల్పైన బుట్టని రెండు చేతులా మోసుకొచ్చింది. చుట్టూ రంగు కాగితాల తోరణాలు, పైన బెలూన్లు, మధ్యలో గుండ్రటి తీపి రొట్టె, అంజూరలు, పీచ్ పళ్ళు, మేకపాల చీజ్, అహీపా దుంపలు, రుద్రజడ గుత్తి, ఎవరో తెలిసినవాళ్ళు కట్టినట్టే కుదురుగా ఉంది. యోవానా ఇమ్మంది అని చెప్పింది. నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ఆ రోజు మా ఊరి ఆడవాళ్ళు నేస్తం కట్టుకునే రోజు, ఒకరు ఈ ఏడు బుట్ట పంపితే రెండోవారు వచ్చే ఏడు అదే గురువారం బదులు పంపుతారు, పంపితే ఇక ఆ ఇద్దరూ కోమాద్రెలు, తోబుట్టువుల కంటే గట్టి, చచ్చేదాకా తెగదు. బదులు పంపకపోతే ఏమీ కాదు. ఎవరూ వచ్చి అడగరు. కానీ ఆ ఇద్దరి మధ్యా ఏముందో ఊరికి తెలిసిపోతుంది. మార్కెట్లో ఎవరో ఎగదోసి ఉంటారు పాపం, మర్యాద కోసం పళ్ళు పంపుతున్నాననుకుని ఉంటుంది, దాని అర్థం ఆమెకేం తెలుసు, అనుకున్నాను, అలా అనుకోవడం హాయిగా ఉంది. రొట్టె పక్కింటివాళ్ళకి పంచాను, పళ్ళు పిల్లలు తిన్నారు, ఖాళీ బుట్టలో ఉల్లిపాయలు వేశాను. ఏడాది గడిచిపోయింది, ఈ వచ్చే గురువారమే గడువు. బడిలో నాతో పాటు లెక్కలు చెప్పే గ్రిసెల్దా మొన్న స్టాఫ్ రూంలో అందరి ముందూ, "మొగుణ్ణి ఇచ్చేశావు, ఇప్పుడు బుట్ట కూడా కట్టిస్తావా ఏమిటే" అంది. నవ్వి ఊరుకున్నాను. పంపను అని ఆ క్షణంలోనే తీర్మానించుకున్నాను, తెలియక పంపినదానికి బదులేమిటి, అది లెక్కలోకి రాదు.

గాలి లేదు. ఎక్కడో దూరంగా పిల్లల బృందం ఒకటి నీళ్ళ బెలూన్లు విసురుకుంటోంది, ఆ అరుపులకి నికో కనురెప్పలు కదిలాయి, వీపు మీద నిమిరాను, మళ్ళీ అణిగాడు. వీడు పుట్టినప్పుడు ఒక్తావియో ఆసుపత్రి వరండాలో నిలబడి ఏడ్చాడు, మంచివాడే, చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది, తిట్టుకుని మరిచిపోయేదాన్ని. ఒక మధ్యాహ్నం గిన్నెలు తుడుస్తూ తుడుస్తూ, డెల్మిరా, నేను వేరే ఒకరిని ప్రేమించాను అని చెప్పాడు, చేతిలో గుడ్డ అలాగే ఉంది, చెప్పాక మిగతా గిన్నెలు కూడా తుడిచి సర్దేసి వెళ్ళాడు. దానికి ఏడవడం ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు నొప్పి అక్కడ లేదు, ఎక్కడుందో ఎవరికైనా చెబితే నవ్వుతారు, నల్లదుంపల్లో ఉంది. ఎగువ వాళ్ళు బంగాళాదుంపల్ని మంచులో పెట్టి, కాళ్ళతో తొక్కి, ఎండబెట్టి నల్లగా చేసుకుంటారు, దాన్ని చూన్యో అంటారు, మా తరీహా వాళ్ళం ఆ పేరు చెప్పుకుని తరతరాలుగా నవ్వుకుంటున్నాం, చెప్పు అట్ట తింటారని. పోయిన నెల నికో నా బల్ల దగ్గర కూర్చుని, ఇవాళ సూపులో చూన్యో లేదా అమ్మా అన్నాడు. మామూలుగా అన్నాడు, ఉప్పు అడిగినట్టు. నేను లేదు నాన్నా అని చెప్పి వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పి నిలబడ్డాను. నా బిడ్డ నాలిక మీద ఒక రుచి ఉంది, అది నేను పెట్టింది కాదు. మొగుడు పోతే పోయాడు, నా పిల్లల్ని కొంచెం కొంచెంగా ఇంకెవరో పెంచుతున్నారు, వాళ్ళు కూడా సంతోషంగా పెరుగుతున్నారు, దాన్ని ఏ కోర్టులో అడగాలి. మర్నాడు మార్కెట్‌కి వెళ్ళి చూన్యో కొనబోయి, కొనకుండా తిరిగొచ్చాను.

మాళిగ మెట్ల మీద అడుగుల చప్పుడు. పీపా కథ ఇంకా అవలేదే, ఎవరా అని చూస్తే యోవానా, ఒక్కతే, గోడ పట్టుకుని వస్తోంది. ముఖం పాలిపోయింది. నన్ను చూసి తలాడించింది, నేరుగా పెరట్లోని నీళ్ళ తొట్టి దగ్గరికెళ్ళి దోసిళ్ళతో నీళ్ళు ముఖాన కొట్టుకుంది, మెడ వెనక తడుపుకుంది, తొట్టి గట్టుని రెండు చేతులా పట్టుకుని వంగి ఉండిపోయింది. ఆ వంగడం నాకు తెలుసు. ఇదే పెరట్లో, ఇదే తొట్టి దగ్గర నేనూ అలాగే వంగాను, లుస్మిలా కడుపులో ఉన్నప్పుడు, మాళిగలో పులుస్తున్న ద్రాక్ష వాసన కడుపులో దేవేస్తే పరిగెత్తుకొచ్చాను, డోన్యా సెనోబియా వెనకే వచ్చి నా జుట్టు ఎత్తిపట్టుకుని, కక్కేయ్ తల్లీ, పీపాల వాసన బిడ్డలకి పడదు అని వీపు రాసింది. అప్పుడు గ్లాసు గుర్తొచ్చింది. మొదటి గ్లాసు, రెండో గ్లాసు, తీగ మొదట్లో. భక్తి కాదు. తాగకుండా తప్పించుకోవడానికి మా ఊళ్ళో ఇంతకంటే మంచి దారి లేదు, వద్దంటే పదిమంది ఎందుకని అడుగుతారు, భూమితల్లికి పోస్తే దండం పెడతారు. గడుసుది, అనుకున్నాను. అయితే ఒక బిడ్డ వస్తోంది. ఒక్తావియో ముక్కుతో, ఆ నల్లటి కళ్ళతో. నికో ఇక చిన్నవాడు కాదు. లుస్మిలా నేను అడుగుపెట్టని ఇంట్లో ఎవరికో అక్క అవుతుంది, ఉయ్యాల ఊపుతుంది, దాని గురించి నాకు చెప్పాలా వద్దా అని ఆలోచించుకుని, నా ముఖం చూసి మానేస్తుంది. ఆదివారాల్లో నాన్న ఒడి ఖాళీ ఉండదు. కుళ్ళుకున్నాను, అవును, కుళ్ళుకోవడమే అది, దానికి ఇంకో పేరు పెట్టడం ఎందుకు. ఆ బిడ్డ ఇంకా పుట్టలేదు, నేను అప్పుడే దాని మీద తలుపు వేసేస్తున్నాను, నా చేయి ఆ తలుపు మీద ఉందని నాకే తెలుస్తోంది, తీయలేకపోతున్నాను.

యోవానా తుడుచుకుంటూ వచ్చి బల్లకి ఆ చివర కూర్చుంది. ఎప్పుడూ ఆ చివరే కూర్చుంటుంది. లోపల గాలి ఆడటం లేదండీ అంది. ఎగువ వాళ్ళ మాట వడివడిగా, మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి, మాది సాగతీత, ఆమె మాట్లాడినప్పుడల్లా నాకు ఎవరో వెనకాల తరుముతున్నట్టుంటుంది. ఈ మూడేళ్ళలో మేమిద్దరం పిల్లల చొక్కాల గురించీ జ్వరాల గురించీ తప్ప మాట్లాడుకోలేదు.

"ఎన్నో నెల?" అన్నాను.

ఆమె తడి చేతుల్ని లంగాకి తుడుచుకుంది. మాళిగ తలుపు వైపు చూసింది, ఎవరూ రావడం లేదు.

"మూడో నెల. ఆయనకి కూడా చెప్పలేదండి. గురువారం దాకా ఆగుదామని."

గురువారానికీ దీనికీ ఏమిటి సంబంధం అన్నాను, తెలిసి కూడా. గొంతు నేననుకున్నదాని కంటే కటువుగా వచ్చింది.

"ఒరూరోలో నాకు ఇద్దరు అన్నలున్నారు" అంది. ఈసారి నెమ్మదిగానే అంది. "మా నాన్న మొదటి భార్య పిల్లలు. వీధిలో నేను ఎదురైతే అవతలి పక్కకి దాటిపోతారు. మా నాన్న పోయినప్పుడు శవానికి ఈ పక్క మేం, ఆ పక్క వాళ్ళు, మధ్యలో పువ్వులు. నాకు పెద్దన్నయ్య ముక్కే ఉందండి, అద్దంలో చూసుకుంటే తెలుస్తుంది. వాళ్ళమ్మా మా అమ్మా బతికినన్నాళ్ళూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, దానికే ఇదంతా. నాకు బిడ్డ పుడితే ఆ బతుకు వద్దనుకున్నాను. అందుకే కడుపు రాకముందే బుట్ట పంపాను."

మీరు తెలియక పంపారనుకున్నాను, అన్నాను.

"అలా అనుకుంటారని మీ అమ్మగారు చెప్పారు."

మా అమ్మ. మా అమ్మ రైతుబజార్లో పూలు అమ్ముతుంది, కార్నివాల్ రోజుల్లో రుద్రజడ అమ్ముతుంది, గట్టుకి ఆ పక్క కూర్చుని ఊరందరి చెవుల్లోకి గుత్తులు దోపుతుంది. యోవానా పోయిన ఏడు అక్కడికి వెళ్ళిందట, ఈ బుట్టలో ఏమేం పెట్టాలి, పంపొచ్చా, తప్పా అని అడిగిందట, ఎవరికి అని అమ్మ అడిగితే, మీ అమ్మాయికి అని చెప్పేసిందట. అమ్మ తనే పళ్ళు ఏరి, రుద్రజడ గుత్తి తనే కట్టి, "మా అమ్మాయి మొండిది, కరగడానికి ఏడాది పడుతుంది, ఇప్పుడే పంపు" అందట. ఆ కుదురైన కట్టు నాకు తెలిసినట్టే అనిపించింది ఆ రోజు, చిన్నప్పట్నుంచీ చూసిన ముడి, గుర్తుపట్టలేదు, పట్టదలుచుకోలేదు. ఏడాదంతా ఆవిడ మా ఇంటికొచ్చి, ఆ బుట్టలోంచి ఉల్లిపాయలు తీసి తరిగింది, ఒక్క మాట అనలేదు. కోపం వచ్చింది. నా వెనకాల నా తల్లి నా మొగుడి కొత్త పెళ్ళాంతో మంతనాలాడుతుందా, వెళ్ళి కడిగేస్తాను అనుకున్నాను, ఆ కోపం మధ్యలోనే నవ్వు కూడా వస్తోంది, మా అమ్మకి నేనెంత తెలుసో కదా, ఏడాది అంటే సరిగ్గా ఏడాదే. మా ఇద్దరి మధ్యా బల్ల మీద నికో కాళ్ళు చాపుకుని పడుకున్నాడు, వాడి మడమలు యోవానా వైపు, తల నా వైపు. ఆమె చెయ్యి వాడి పాదం దాకా వచ్చి ఆగింది, నన్ను అడుగుతున్నట్టు, తాకలేదు. పంపను అన్న మాట ఇప్పుడు నా నోట్లో లేదు.

అంతలో అందరూ బయటికొచ్చారు, చీకట్లోంచి ఎండలోకి వచ్చి కళ్ళు చికిలిస్తూ. లుస్మిలా మా ఇద్దరినీ ఒకే బల్ల మీద చూసి మెట్టు మీదే ఆగిపోయింది, నా ముఖమూ ఆమె ముఖమూ మార్చి మార్చి చూసింది, ఈ పిల్ల ఇళ్ళ మధ్య తిరిగి తిరిగి ముఖాలు చదవడం నేర్చుకుంది, చదువుల్లో కూడా ఇంత శ్రద్ధ లేదు. యజమాని వెనకాలే ఒక దుమ్ముపట్టిన సీసా పట్టుకొచ్చాడు, మోస్కతెల్ ద్రాక్షతో చేసిన తీపి వైన్, వాళ్ళ తాత దాచిందట, డోన్యా సెనోబియా కోసమే తీశాడట. ఆవిడ రాణిలా ముందుకొచ్చి తనే గ్లాసులు నింపి తలా ఒకటి అందించింది, నాకొకటి, ఒక్తావియోకి ఒకటి. యోవానాకి ఇస్తూ మాత్రం గ్లాసు వదల్లేదు.

"ఇది మాత్రం భూమికి పోయొద్దు తల్లీ, ఇంక దొరకదు ఇది. నా ఎదురుగా తాగు, చూస్తాను" అంది.

ప్రేమగానే అంది. కానీ ఆవిడ చూస్తానంటే చూస్తుంది, ఆవిడతో పాటు అందరూ చూస్తారు, ఒక్తావియో నవ్వుతూ చూస్తున్నాడు, ఏమీ తెలియని నవ్వు. యోవానా గ్లాసు అందుకుంది. రెండు చేతులా పట్టుకుంది, నోటి దాకా ఎత్తలేదు. నా వైపు చూడలేదు, చూసి ఉంటే సాయం అడిగినట్టయ్యేది, అది అడిగే మనిషి కాదు, ఏడాదిగా అడగలేదు. నా కళ్ళ ముందు ఒరూరోలో ఎవరో ఇద్దరు మగవాళ్ళు వీధి దాటుతున్నారు. వాళ్ళని నేనెప్పుడూ చూడలేదు, కానీ వాళ్ళలో ఒకడికి నికో నడక ఉంది, ఇంకొకడికి లుస్మిలా లాగే చేతులు కట్టుకునే అలవాటు ఉంది, అవతలి పక్క నిలబడిన పిల్ల ముక్కు ఒక్తావియోది.

నికో తల కిందనుంచి కాలు లాగలేను కనుక కూర్చునే చేయి చాపాను.

"ఇలా ఇవ్వు" అన్నాను. మొదటిసారి ఆమెని నువ్వు అన్నాను. "నా కోమాద్రె వంతు నేను తాగుతాను."

పందిట్లో కందిరీగల చప్పుడు వినిపించింది. ఒక్తావియో బస్సు తప్పిపోయినవాడిలా నన్నూ ఆమెనీ చూశాడు. లుస్మిలా మెట్టు దిగి వచ్చి, ఏం అడగకుండా మా ఇద్దరి మధ్య, తమ్ముడి కాళ్ళ దగ్గర ఇరుక్కుని కూర్చుంది. యోవానా చేతిలోంచి గ్లాసు తీసుకుని తాగాను, నాది కూడా తాగాను, తియ్యగా, ఎండ వేడితో గొంతులో దిగింది, తల కొంచెం తిరిగింది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, ఉంది, కానీ దానితోపాటు ఉండటానికి చోటుందనిపించింది. గురువారానికి ఇంక పెద్ద వ్యవధి లేదు, రొట్టె ఎవరికి చెప్పాలి, అంజూరలు ఈ ఏడు బాగున్నాయో లేదో, అమ్మ దగ్గరికెళ్ళి పోట్లాడి ఆ పోట్లాటలోనే రుద్రజడ తెచ్చుకోవాలి, అహీపా దుంపలు ఎగువ వాళ్ళు తింటారో తినరో, ఆమెకేం ఇష్టమో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

"బుట్టలో ఏం పళ్ళు పెట్టమంటావు?" అన్నాను.

యోవానా కళ్ళు తుడుచుకుంది, ముక్కు ఎగబీల్చింది, తొందరగా, ఎప్పటిలా మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, "ఏవైనా సరే, పుల్లగా ఉంటే చాలు" అంది.

డోన్యా సెనోబియా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసింది.